ఒక కొస బిగించి, ఒక కొస వదిలి



ఈ వేసవిలో మా వీబీఎస్ పిల్లలు, యవ్వనస్థులు కలిసి ఒక వంతెన కట్టారు. రాజమండ్రి దగ్గర గోదావరి మీదున్న పాత హేవలాక్ వంతెనకి నమూనా అది. వంతెన మొత్తం కాదు, అందులో ఒకే ఒక్క స్పాన్. అంటే రెండు స్తంభాలు, వాటి మీద ఒక ఇనుప గిర్డరు.

ఒక్కటే ఎందుకంటే, అసలు వంతెనకి 56 స్పాన్లు. ఒక్కొక్కటి సుమారు 150 అడుగులు. మేము తీసుకున్న కొలత యాభైలో ఒక వంతు. ఆ లెక్కన ఒక స్పాన్ మూడు అడుగులు వస్తుంది. అన్నీ కడితే 168 అడుగులు. పిఠాపురంలో మా మందిరం లోపల, బయట, ప్రహరీ దాకా పరిచినా పట్టదు.

ఆ వంతెన పని 1897లో మొదలైంది. 1900లో దాని మీద రైళ్లు నడిచాయి. అంతకుముందు రైలు దిగి, పడవ మీద గోదావరి దాటి, అవతల ఒడ్డున కొవ్వూరులో మళ్లీ రైలెక్కాల్సి వచ్చేది. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు దానికి పెట్టారు. 1997లో రైళ్లు ఆపేశారు. క్యాలెండర్లలో కనిపించే విల్లులాంటి ఆర్చి వంతెన దాని తరవాత వచ్చినదే. పిల్లలు మొదట అదే కడదామన్నారు, చూడ్డానికి బాగుంటుందని. పాతదే కట్టాలని పట్టుబట్టింది మా సంఘంలోని ఒక పెద్దాయన.

ఆయన వయసు ఎనభై దాటింది. రైల్వేలో వంతెనల గ్యాంగులో పనిచేసి రిటైరయ్యారు. చూపు బాగా తగ్గింది. వెలుగూ నీడా తప్ప పెద్దగా తెలియదు. ఎప్పుడైనా ఉద్యోగం గురించి అడిగితే, "గ్రీజు రాసేవోణ్ణండి" అని నవ్వేవారు. ఇంట్లోవాళ్లు కూడా అంతవరకే అనుకున్నారు.

పనిముట్లు పట్టింది మాత్రం ఒక కుర్రాడు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివాడు. తండ్రి లేడు. తల్లి నాలుగిళ్లలో పనిచేసి చదివించింది. మేము కట్టడం మొదలుపెట్టిన వారంలోనే వాడికి కువైట్ వీసా వచ్చింది. తల్లి ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి గుమ్మంలోనే కూర్చుంది. లోపలికి రమ్మని అమ్మగారు పిలిచినా రాలేదు. "అయ్యగారండీ, ఆడు మీ మాటింటాడు. ఎళ్లొద్దని ఒక్క మాట చెప్పండి చాలు," అంది. చూద్దామమ్మా అన్నాను. ఏం చెప్పాలో నాకు నిజంగా తెలియలేదు.

కొన్న సామాను దాదాపు లేదు. గిర్డరుకి పైన, కింద పొడుగ్గా వెళ్లే కమ్మీలకి పాత గొడుగుల ఊచలు వాడాం. గొడుగు ఊచని దగ్గరగా చూడండి, మధ్యలో కాలవలా మడిచి ఉంటుంది. ఆ మడతే దానికి బలం. ఏటవాలుగా వచ్చే కమ్మీలకి సైకిల్ స్పోకులు. అతుకుల దగ్గర నూనె డబ్బా రేకుని చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, రెండువైపులా పెట్టి టంకం వేశాడు. మెరిసే పూత మీద టంకం పట్టదట. అందుకని పిల్లలు మూడు రోజులు కూర్చుని గరుకు కాగితంతో ఊచలన్నీ రుద్దారు. అసలు వంతెనకి ఉన్న రివెట్ల బొడిపెలు ఈ కొలతలో ఆవగింజ కన్నా చిన్నవవుతాయి. ఆడపిల్లలు పుల్ల మొనతో ఫెవికాల్ చుక్కలు పెట్టి, ఆరాక ఎర్ర ఆక్సైడ్ రంగు వేశారు. పెద్దాయన వేలు ఆనించి, ఒక్కో అతుకు తడిమి, "ఇక్కడ రెండు తగ్గాయర్రా" అని చెప్పేవారు. ఆయన చెప్పిన చోటల్లా మళ్లీ చుక్కలు పెట్టారు.

గిర్డరుని స్తంభాల మీద పెట్టే రోజున వాళ్లిద్దరికీ వాదన వచ్చింది. కుర్రాడు రెండు కొసలూ స్తంభాలకి గట్టిగా బిగించేస్తానన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు.

"ఒరే అబ్బాయ్, రెండేపులా బిగిస్తే గట్టిగా ఉన్నట్టు నీకనిపిద్ది. మధ్యాన్నం ఎండకి ఇనుము సాగుద్ది. సాగడానికి సోటు లేపోతే స్తంభాన్ని తన్నుద్ది."

"అయితే రెండేపులా రోలర్లే పెడదాం తాతా."

"పెట్టు. రైలు బ్రేకేసినప్పుడు దాంతో పాటే గిర్డరూ కొవ్వూరెళ్లిపోద్ది."

అందరం నవ్వాం గానీ, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఇలాంటి గిర్డరుకి ఒక కొస స్తంభానికి బిగిస్తారు, కదలదు. రెండో కొస రోలర్ల మీద కూర్చుంటుంది, ముందుకీ వెనక్కీ జరుగుతుంది. కుర్రాడే తరవాత లెక్క కట్టాడు. వేడి ముప్పై డిగ్రీలు పెరిగితే 150 అడుగుల ఉక్కు సుమారు 16 మిల్లీమీటర్లు సాగుతుంది. అంగుళంలో సగం కన్నా ఎక్కువ. ఆ కాస్తా సాగనివ్వకుండా ఆపాలంటే, ఉక్కు కమ్మీ మందంలో ప్రతి చదరపు అంగుళానికీ నాలుగున్నర టన్నులకి పైగా బలం కావాలి. అది రోజూ మధ్యాహ్నం స్తంభాల మీద పడితే ఏమవుతుందో మీరే ఊహించండి.

పెద్దాయన ముప్పై ఏళ్లు చేసిన ఉద్యోగం ఆ రోలర్ల దగ్గరే. గిర్డరుని జాకీలతో వెంట్రుకవాసి పైకి లేపడం, కింద తుప్పు గీకడం, గ్రీజు పెట్టడం, మళ్లీ దించడం. మట్టి పేరుకుపోతే రోలరు బిగుసుకుపోతుంది, అప్పుడు రోలరు ఉన్నా లేనట్టేనన్నారు. రైల్లోవాళ్లు గోదారమ్మకి దణ్ణం పెట్టి చిల్లర విసిరేవారట. "సగం మా నెత్తినే పడేవండి" అన్నారు.

ఇక మా నమూనాలో ఆ కదలిక కనబడాలి. మూడడుగుల ఇనుము ముప్పై డిగ్రీలకి సాగేది మిల్లీమీటరులో మూడో వంతు, కంటికి ఆనదు. కుర్రాడు రోలరు బదులు కుట్టుసూది పెట్టాడు. కింద అద్దం ముక్క, దాని మీద సూది, సూది మీద గిర్డరు కొస. సూది కన్నానికి సన్నటి ఎండుగడ్డి పరక అంటించాడు. గిర్డరు సాగితే సూది దొర్లుతుంది, సూది దొర్లితే పరక తిరుగుతుంది. వాడి లెక్క ప్రకారం గడియారంలో పెద్దముల్లు నాలుగు నిమిషాలు నడిచినంత తిరగాలి. స్తంభాల కింద టేకు చెక్క వేశాం, చెక్క పొడవునా ఎండకి ఇనుమంతగా సాగదు కాబట్టి. సూది జారకుండా గిర్డరు మీద ఆరు ఇటుకలు పేర్చాం.

ఇటుకలు చూసి ఒక పిల్లవాడు, "మనది ఇన్ని మోస్తోందంటే అసలు వంతెన ఇంకెంత మోస్తుందో!" అన్నాడు. అలా కాదు. ఏ వస్తువునైనా యాభై రెట్లు పెద్దది చేస్తే బలం యాభై యాభైలు పెరుగుతుంది, బరువు మాత్రం దానికి మళ్లీ యాభై రెట్లు పెరుగుతుంది. గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో ఈ సంగతి రాశాడు. చిన్న నమూనా ఎప్పుడూ అసలు కన్నా బలంగానే కనిపిస్తుంది. చిన్న కష్టంలో నిలబడ్డవాళ్లు పెద్ద కష్టంలో ఉన్నవాళ్లకి సాక్ష్యం చెప్పేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే మంచిదని నాకనిపించింది. మీరేమంటారో.

పొద్దున్న ఆరింటికి, చల్లగా ఉన్నప్పుడు, పరక వెనక అట్టముక్క మీద పెన్సిల్‌తో గీత గీశాం. మందిరం ముందు ఎండలో ఉంచాం. గాలికి పరక కదలకుండా పక్కన గాజు పలక అడ్డం పెట్టాం. పదకొండింటికి పరక గీత దాటింది. ఒంటిగంటకి మూడు నిమిషాలంత తిరిగింది. నాలుగు రాలేదు, చెక్క కూడా కాస్త సాగి ఉంటుందన్నాడు కుర్రాడు. ఒక పాప పెద్దాయన వేలు పట్టుకుని పొద్దుటి గీత మీద ఆనించి, తరవాత మెల్లగా పరక కొన దగ్గరికి తీసుకెళ్లింది. ఆ రెంటి మధ్య దూరాన్ని ఆయన చాలాసేపు వేలితో కొలుచుకున్నారు. ఆయన కోడలు పక్కనే నిలబడి, "మావయ్యగారూ, మీరు చేసిన పని ఇదాండీ?" అని అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. సాయంత్రం చల్లబడ్డాక పరక వెనక్కొచ్చింది.

మొదటి కొరింథీ 15:58లో పౌలు, స్థిరంగా, కదలకుండా ఉండమంటాడు. ఆ వచనం మీద నేను చాలాసార్లు ప్రసంగించాను, ఇకముందూ ప్రసంగిస్తాను. బిగించిన కొస లేకపోతే వంతెన లేదు. కానీ అదే పౌలు ఊరూరా తిరిగినవాడు. అంతియొకయ సంఘం తమలో అందరికన్నా కావలసిన ఇద్దరి మీద చేతులుంచి పంపించేసింది. అపొస్తలుల కార్యములు 13లో చూడండి. ఆ రోజు ఆ సంఘంలో ఎవరైనా ఏడ్చారో లేదో లూకా రాయలేదు. ఏడ్చే ఉంటారనుకుంటాను.

మర్నాడు ఆ తల్లి దగ్గరికి నేనే వెళ్లాను. వెళ్లొద్దని వాడికి చెప్పలేనమ్మా అన్నాను. వాడు నిన్ను విడిచిపోవడం లేదు, కొస నీ దగ్గరే ఉంది అని కూడా అనబోయాను గానీ, ఆమె ముఖం చూసి ఆగిపోయాను. వంతెనలతో ఓదార్చే సమయం కాదది. ఆమె చేటలో బియ్యం ఏరుతూనే ఉంది. "మీరు కూడా ఆడేపేనా అయ్యగారూ," అంది. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ప్రార్థన చేసి వస్తానంటే తలకి కొంగు కప్పుకుంది, కానీ ఆమేన్ అనలేదు.

కుర్రాడు జూన్‌లో వెళ్లాడు. సామర్లకోటలో రైలెక్కించాం. ఆదివారం రాత్రిళ్లు తల్లికి ఫోన్ చేస్తాడు, నాకు ఎప్పుడైనా ఒకసారి. అక్కడి వేడికి తాత వంతెన ఎంత సాగుతుందో లెక్క కట్టానని మొన్న మెసేజ్ పెట్టాడు.

నమూనా ఇప్పుడు మందిరంలో దక్షిణపు కిటికీ దగ్గర బల్ల మీద ఉంది. ఎండ పడుతుంది కాబట్టి పరక రోజూ కొంచెం తిరుగుతుంది. శనివారం మందిరం ఊడ్చే వంతు ఆ తల్లిది. నాతో ఇంకా ముభావంగానే ఉంది. కానీ పెద్దాయన ఎప్పుడు నేర్పారో ఏమో, ఊడవడం అయ్యాక చిన్న రంగు కుంచె తీసుకుని, సూది కిందున్న అద్దం మీద దుమ్ము మెల్లగా దులుపుతుంది.