కానరాని హార్డుడిస్కు

మన సీమలోని పూర్వులు పదికాలములపాటు నిలువవలసిన మాటను రాతిపై చెక్కించిరి. పెనుకొండలోను, లేపాక్షి వీరభద్రాలయపు గోడలమీదను విజయనగర కాలపు శాసనములు నేటికిని నిలిచియున్నవి. ఆ లిపి యెరుగనివాడు వాని యెదుట నిలిచి, "ఇందేమియు లేదు" అనుకొనవచ్చును. అచ్చట లేనిది వ్రాత కాదు, దానిని చదువగల చూపు. ఈ చిన్న భేదమును మరువకుండుటచేత మా బంధువుల యింట నొక విలువగల వస్తువు దక్కినది. ఆ సంగతి మన పత్రిక చదువరులకు తెలుపుట యుక్తమని తలచి యిది వ్రాయుచున్నాము.

మేము పుట్టపర్తి వారము. మా మేనమామగారిది ధర్మవరమున మగ్గముల యిల్లు. మా తాతగారు జీవించియుండగా పట్టుచీరల అంచులకును, కొంగులకును కావలసిన నమూనాలను గళ్లకాగితముపై స్వయముగా గీయుచుండెడివారు. లేపాక్షి మంటపపు కప్పుమీది చిత్రములలో స్త్రీపురుషులు ధరించిన వస్త్రముల అంచులను చూచి గీసినవి కొన్ని యందుండెను. కాలక్రమమున ఆ కాగితములకు చెదలు పట్టెను. మిగిలినవానిని మామగారు ఫొటోలు తీయించి, తాము కంప్యూటరుపై సిద్ధపరచుకొన్న నమూనాలతోపాటు ఒక బయటి హార్డుడిస్కులో భద్రపరచిరి. ఆ ఫొటోలకు వేరొక ప్రతి లేదు.

మగ్గమునకును కంప్యూటరునకును చుట్టరికము పాతది. 1804లో ఫ్రాన్సు దేశమున జాకార్డు అనునతడు చిల్లులుగల అట్టలచే పడుగు పోగులను ఎత్తించు యంత్రమును చేసెను. చిల్లు ఉన్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. ఈ అట్టలనే 1830ల దశాబ్దమున బాబేజి అను ఆంగ్లేయ పండితుడు తన గణకయంత్రపు ఆలోచనలోనికి తీసికొనెను. ఉన్నది, లేనిది అను రెండే గుర్తులతో నమూనాను నిలుపు ఆ పద్ధతియే నేడు డిస్కులో అయస్కాంతపు చుక్కల రూపమున నున్నది.

గత సంవత్సరము పెండ్లిండ్ల కాలమున మేమిరువురము, అన్నాచెల్లెండ్రము, సెలవులకు ధర్మవరము పోయితిమి. ఒక పెండ్లిచీరకు తాతగారి నమూనా కావలసివచ్చెను. మామగారు డిస్కును ల్యాప్‌టాపునకు తగిలించిరి. దీపము వెలిగెను గాని, తెరపై డిస్కు పేరు రాలేదు. తీసి మరల పెట్టినను రాలేదు. మామగారి ముఖము వాడిపోయెను. "ఏమప్పా, మా నాయన గీతలు పోయినట్లేనా?" అని మమ్మడిగిరి. తెలిసిన దుకాణమునకు ఫోను చేయగా, "ఫార్మాట్ చేయండి, వెంటనే వచ్చును" అని చెప్పిరి. వచ్చునది డిస్కే గాని, అందలి గీతలు కావు. అందుచేత మేము వలదంటిమి.

ఫార్మాట్ అనగా నేమో బాలబాలికలు తెలిసికొనవలయును. డిస్కులో ఏ వస్తువు ఎచ్చట నున్నదో తెలుపు విషయసూచిక యొకటి కలదు. త్వరిత ఫార్మాట్ చేసినచో ఆ సూచిక పోయి, క్రొత్తది, వట్టిది, దాని స్థానమున నిలుచును. పాత అక్షరములు కొంతకాలము లోపల నుండవచ్చును గాని, ఆ చోటు ఖాళీయని యెంచి కంప్యూటరు వానిపైననే క్రొత్తవి వ్రాయును. శాసనము చదువరాలేదని ఆ రాతినే మరల చెక్కుటవంటి పని యిది.

కావున వెలుపలినుండి లోపలికి వరుసగా చూడ నారంభించితిమి. మొదట తీగను మార్చితిమి. ఫోనులకు వచ్చు కొన్ని తీగలు విద్యుత్తును మాత్రమే మోయును, సమాచారమును మోయవు. అట్టి తీగతో దీపము వెలిగినను డిస్కు కనబడదు. మామగారి తీగ మంచిదే. తీగ మార్చినను భేదము లేదు.

పిమ్మట డిస్కుపై చెవియొగ్గి వింటిమి. లోని పళ్లెము తిరుగ నారంభించి ఆగుచు, మరల ఆరంభించుచుండెను. టకటకమని కొట్టుకొను చప్పుడు మాత్రము లేదు. అట్టి చప్పుడున్నచో తక్షణమే తీగ తీసివేసి, పోయిన సమాచారమును వెలికితీయు నిపుణులకు అప్పగింపవలయును. ఇంటిలో డిస్కును విప్పరాదు. చదువుముల్లు పళ్లెముపై తేలియాడు ఎత్తు తలవెంట్రుక మందములో వేయవ వంతుకంటెను ఎంతో తక్కువ. మన ధూళిలో నొక్క కణము చాలును, దానిని చెరచుటకు.

ఆగి ఆగి తిరుగుట విద్యుత్తు చాలనందున కలుగునని ఊహించితిమి. చూడగా డిస్కు నేరుగా ల్యాప్‌టాపునకు గాక, హబ్బు అను చిన్నపెట్టెకు తగిలించియుండెను. మౌసు, పెన్‌డ్రైవు, ప్రింటరు తీగ యన్నియు దానికే. యు.ఎస్.బి. రెండవ తరపు ద్వారము 500 మిల్లీయాంపియర్లును, మూడవ తరపుది 900 మిల్లీయాంపియర్లును ఇచ్చుట నియమము. తనకు వేరుగా విద్యుత్తులేని హబ్బు ఆ కొంచెమునే అందరికి పంచవలయును. ఒక్క కుండ కూడు పదిమందికి వడ్డించినట్లే. డిస్కును నేరుగా తగిలించగా పళ్లెము నిలుకడగా తిరిగెను.

అయినను పేరు రాలేదు. అప్పుడు విండోసు మీటను, ఎక్స్ మీటను కలిపి నొక్కి, డిస్క్ మేనేజ్‌మెంట్ అను భాగమును తెరచితిమి. అచ్చట మా డిస్కు కానవచ్చెను! భాగము క్షేమముగానే యుండెను, దానికి అక్షరము మాత్రము లేదు. తలుపుకు సంఖ్యలేని యింటిని తపాలా బంట్రోతు కనుగొనలేనట్లు, అక్షరములేని డిస్కును కంప్యూటరు చూపలేదు. కుడిమీట నొక్కి, డ్రైవ్ లెటర్ మార్చు చోట ఒక అక్షరమిచ్చితిమి. క్షణములో తాతగారి సంచికలన్నియు తెరపై నిలిచెను. మామగారు మాటాడక కన్నులు తుడుచుకొనిరి.

ఇచ్చట నొక హెచ్చరిక. అదే భాగమున కొన్నిటికి "రా" అనియు, "అన్‌ఎలొకేటెడ్" అనియు కనబడును. అప్పుడు ఇనిషియలైజ్ చేయుమని గాని, ఫార్మాట్ చేయుమని గాని కంప్యూటరే అడుగవచ్చును. లోనిది కావలసినవారు అంగీకరింపరాదు. మాకింటాషు కొరకు సిద్ధపరచిన డిస్కును విండోసు చదువలేదు. అది చెడినది కాదు, లిపి వేరు. ముందుగా వేరొక యంత్రముపై పెట్టి చూడవలయును.

డిస్కు తెరచుకొనినంతనే, మరమ్మతులేవియు తలపెట్టక, అన్నిటికంటె ముఖ్యమైన తాతగారి గీతలను మొదట నకలు తీసితిమి. నాలుగు చిత్రములు మాత్రము సగమువరకే తెరచుకొని, మిగిలినది బూడిదరంగుగా నిలిచెను. ఎన్ని విధముల యత్నించినను అవి రాలేదు. మామగారు కొంతసేపాలోచించి, లోపలి గదిలోని పెట్టెనుండి అమ్మమ్మగారి పెండ్లిచీరను తెచ్చి పరచిరి. ఆ నాలుగింటిలో నొక అంచు దానిపై చెక్కుచెదరక యుండెను. భూతద్దముతో పోగులు లెక్కించి దానిని మరల గీసికొనిరి. తక్కిన మూడును పోయినవి.

ఇప్పుడు ఆ నమూనాలకు మూడు ప్రతులు కలవు. ఒకటి ధర్మవరమున పనిలో నున్నది. రెండవది వేరొక డిస్కులో పెట్టెయందున్నది. మూడవది పుట్టపర్తిలో మా యింటనున్నది. ఆరు నెలలకొకసారి మూడింటిని తెరచి చూచుచున్నాము.

విద్యార్థులారా, మీ యిండ్లలోను పెద్దల ఫొటోలు, దస్తావేజులు, గొంతులు ఒక్క డిస్కులోనే యుండవచ్చును. అది కానరాని దినమున తొందరపడి అవునని నొక్కకుడు. తీగ మొదలుకొని వరుసగా చూడుడు. అది కనబడుచున్న దినముననే, అనగా నేడే, వేరొక ప్రతి తీసి యుంచుడు.