నల్లిబొక్క తెచ్చిన తంటా!

కరీంనగర్‌లో మా ఇంట విందు. ఆదిలాబాద్ నుంచి బస్సు దిగొచ్చిన బావ పళ్లెంలో నల్లిబొక్క పడలేదు. అంతే! "గీ ఇంట్ల అల్లునికి గింతేనా ఇజ్జత్?" అని చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ బొక్క ఎక్కడుందంటారా? నా పళ్లెంలోనే! రెండేళ్లు మాటల్లేవు.

2023 మార్చిలో మన సిరిసిల్ల వేణు ఎల్దండి తీసిన 'బలగం' వచ్చింది. అందులోనూ బావా బామ్మర్దుల పంచాయితీ నల్లిబొక్క దగ్గరే! హాలంతా నవ్వుతుంటే నేనూ నవ్వాను. ఆఖర్న మాత్రం కళ్లు తుడుచుకున్నాను. బయటికొస్తూనే ఫోన్ చేశాను.

"బలగం చూసినవా, బావా?"

అటునుంచి కాసేపు చప్పుడు లేదు.

"చూసిన గని... బొక్క ఎప్పుడు పెడ్తవ్?"

పాఠక మిత్రులారా, ఈ ఆదివారం వడ్డన నాదే!