ఎమీ వైన్‌హౌస్: తెర మీద ఒక జీవితం

లండన్‌లో 1983లో పుట్టి, 2011 జూలైలో 27 ఏళ్ల వయసులోనే అతిగా మద్యం సేవించడం వల్ల మరణించిన గాయని ఎమీ వైన్‌హౌస్ జీవితాన్ని దర్శకుడు ఆసిఫ్ కపాడియా 2015లో ‘ఎమీ’ అనే డాక్యుమెంటరీగా మలిచాడు. తెలిసినవారిని కెమెరా ముందు కూర్చోబెట్టి మాట్లాడించే వాడుక పద్ధతిని అతడు చాలావరకు పక్కనపెట్టాడు; మిత్రులు, బంధువులు, తోటి సంగీతకారుల మాటలు నేపథ్యంలో వినిపిస్తుండగా ఇళ్లలో తీసిన వీడియోలు, టీవీ దృశ్యాలు తెర మీద సాగుతాయి, ఆమె పాటల పంక్తులు అక్షరాలుగా కనిపిస్తాయి. అందువల్ల ప్రేక్షకుడు ఆ పాటలను వినోదంగా కాక, ఆమె స్వయంగా రాసుకున్న ఆత్మకథగా గ్రహిస్తాడు.

2006 నాటి ‘బ్యాక్ టు బ్లాక్’ ఆల్బమ్‌తో వచ్చిన కీర్తి, 2008లో దక్కిన ఐదు గ్రామీ పురస్కారాలు ఆమెను శిఖరానికి చేర్చినా, ప్రముఖుల వెంటపడి తీసిన ఫొటోలను పత్రికలకు అమ్ముకునే పాపరాజీలు ఆమె గుమ్మం ముందే కాపు వేశారు. ఆ ఛాయాగ్రాహకుల దృశ్యాలనే ఈ చిత్రమూ వాడుకుంది కనుక, ఒకరి పతనాన్ని చూడటంలో ప్రేక్షకుడి వాటా ఎంత అన్న ప్రశ్న తప్పదు. తన చిత్రణ అన్యాయమని ఆమె తండ్రి అభ్యంతరం తెలపడం కూడా, జీవితచిత్రం అన్నది ఎడిటింగ్ బల్ల మీద జరిగే ఎంపికేనని గుర్తుచేస్తుంది.

ఆస్కార్ గెలిచిన ఈ చిత్రం అసలు విలువ ఆ బహుమతిలో లేదు. వార్తల్లో వేడుకగా మారిన ఒక మనిషిని తిరిగి కళాకారిణిగా నిలబెట్టడంలో ఉంది.