కొబ్బరికాయ ముందు, చప్పుడు వెనక

క్రితం దసరాకి విజయవాడ వెళ్తే అమ్మ ఒక డీవీడీ చేతిలో పెట్టింది. 1996లో జరిగిన అక్క పెళ్లి. "ఫోన్లో చూసుకునేలా చేసిపెట్టరా" అని ఆర్డరు. సాఫ్ట్‌వేరు వాడికి ఇంట్లో దొరికే ప్రాజెక్టులు ఇలాంటివే కదా :-)

ల్యాప్‌టాప్‌కి డ్రైవు లేదు కాబట్టి యూఎస్‌బీ డ్రైవు ఒకటి కొన్నాను. వీడియో, ఆడియో విడివిడిగా తీసి, మళ్లీ కలిపి, ఎంపీ4 చేసి అమ్మ ఫోన్లోకి ఎక్కించాను. అరగంటలో అయిపోయిందని మురిసిపోతుంటే వంటింట్లోంచి కేక: "ఒరేయ్, అమ్మమ్మ నోరు మూశాక పాట వినిపిస్తోందేంట్రా?"

పెళ్లి చివర్లో అమ్మమ్మ మంగళహారతి పాడుతుంది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. గొంతు మాకు మిగిలింది ఆ మూడు నిమిషాల్లోనే. అందుకే "కాస్త అటూ ఇటూ అయితే ఏముందిలే" అని వదిలేయలేకపోయాను.

ముందు అందరూ చేసేదే చేశాను. కంటితో చూస్తూ ఆడియోని కొంచెం కొంచెం ముందుకి జరిపాను. 1.8 సెకన్ల దగ్గర హారతి కుదిరింది. తీరా మొదట్లో గణపతి పూజ చూస్తే, పంతులుగారు నోరు తెరవకముందే మంత్రం వచ్చేస్తోంది! లాగ్ చూడకుండా ప్యాచ్ వేస్తే ఏమవుతుందో మనకి తెలియనిదా.

అప్పుడు బుద్ధిగా కొలవడం మొదలుపెట్టాను. సినిమా వాళ్లు షాట్‌కి ముందు క్లాప్ కొట్టేది ఇందుకే. చెక్క తగిలిన ఫ్రేమునీ, చప్పుడునీ కలిపితే సింక్ కుదురుతుంది. మన పెళ్లిలో క్లాప్ బోర్డు ఎక్కడిది అనుకుంటారేమో, ఉంది. కొబ్బరికాయ! గణపతి పూజలో ఒకటి కొట్టారు, అప్పగింతలయ్యాక కారు ముందు ఇంకోటి కొట్టారు. రెండిటికీ మధ్య 80 నిమిషాలు. మధ్యలో, 40వ నిమిషం దగ్గర, మాంగల్యధారణకి గట్టిమేళం మొదటి డోలు దెబ్బ. వీడియోని ఫ్రేము ఫ్రేముగా (మన పాల్ పద్ధతిలో సెకనుకి 25, అంటే ఒక్కోటి 40 మిల్లీసెకన్లు) జరుపుతూ, ఆడాసిటీలో చప్పుడు పైకి లేచిన చోటు చూశాను. ఆడియో మొదటి కాయ దగ్గర 0.2 సెకన్లు, డోలు దగ్గర 1.0, రెండో కాయ దగ్గర 1.8 ఆలస్యం.

అంటే ఒకటి కాదు, రెండు జబ్బులు. మొదటినుంచీ ఉన్న 0.2 స్థిరమైన తేడా. ఆపైన 1.6 మాత్రం ఒకే రేటున పెరుగుతూ వచ్చింది. ఎక్కడో గీత పడి ఫ్రేములు ఎగిరిపోయి ఉంటే తేడా మెట్టులా ఒక్కసారిగా పెరిగేది, ఇలా సాఫీగా కాదు.

డిస్కుని టీవీకి తగిలించి చూశాను. మొదటి కాయ సరిగ్గా పగిలింది, రెండోది 1.6 ఆలస్యం. అంటే 0.2 నా తప్పు. ఆడియో ఎంత ముందో వెనకో మొదలవ్వాలన్న సంగతి డిస్కులో టైమ్‌స్టాంపుల్లో ఉంటుంది. నేను విడదీసినప్పుడు దాన్ని పారేశాను. 1.6 మాత్రం 2006లో వీహెచ్‌ఎస్ క్యాసెట్‌ని డీవీడీ చేయించిన నాటిది. వీడియోని క్యాప్చర్ కార్డు, ఆడియోని సౌండు కార్డు తీసుకుంటే రెండిటి గడియారాలు వేరు. 3000కి ఒక వంతు తేడా ఉన్నా 80 నిమిషాలకి 1.6 సెకన్లు. ఇన్నేళ్లు ఎవరం ఎందుకు గమనించలేదంటే, మిక్సింగ్ పేరుతో సగం పెళ్లి మీద సినిమా పాటలు వేసేశారు. పాటకి పెదవులు ఎవరు చూస్తారు?

మందు తేలికే. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో ఎటెంపో 1.000333 పెట్టి ముందు సాగుడు తీసేశాను, తర్వాత మిగిలిన 0.2 జరిపాను. ఈ వరస ముఖ్యం. ఇంత చిన్న మార్పుకి గొంతు మారదు. అదే 24 ఫ్రేముల సినిమాని 25లో పరిగెత్తిస్తే రెండున్నర గంటల సినిమా 6 నిమిషాలు ముందే అయిపోతుంది, శ్రుతి కూడా చెవికి తెలిసేంత పెరుగుతుంది.

ఎంత దగ్గరికి తేవాలి? ధ్వని 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 వెనకొచ్చినా మనిషి పట్టేస్తాడని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1998 నాటి సిఫార్సులో ఉంది. ఆలస్యాన్ని ఎక్కువ సహిస్తాం, మెరుపు తర్వాతే ఉరుము వినే అలవాటు కదా. నాది ఒక ఫ్రేములోపే కుదిరింది.

అమ్మ మళ్లీ చూసింది. సింక్ గురించి ఒక్క ముక్క అనలేదు. "హారతి పళ్లెం పట్టుకున్న చెయ్యి చూడు, అప్పటికే ఎలా వణుకుతోందో" అంది. ఇదివరకు అది నేనూ చూడలేదు. మన పనికి ఇంతకన్నా మంచి టెస్ట్ రిపోర్టు ఉండదు.

ఒక్క బాధ మిగిలింది. డీవీడీ వచ్చిందిగా అని ఆ క్యాసెట్ పారేశాం. పాటల కింద పోయిన మాటలు అందులోనూ లేవు, కానీ ఉన్నవాటికి అదే అసలు. మీ ఇంట్లో ఇంకా ఉంటే, ఫైలు చేశాక కూడా దాన్ని పారేయకండి.