ఎండ పక్కనుంచి రావాలి

అమెరికాలో ఉన్న కొడుకు పంపిన ఫొటో చూసి మాస్టారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. గోడలన్నీ అద్దాలే. పైకప్పూ అద్దమే. లోపల పేము కుర్చీ, పూలకుండీలు... బయటంతా మంచు.

'దీన్ని సన్‌రూమ్ అంటారు నాన్నగారూ. అమ్మకి ఇలాంటిదే కట్టిద్దాం' అన్నాడు అబ్బాయి ఫోన్లో.

అమ్మకి గది అవసరమే. అంబాజీపేట దగ్గర పల్లెటూరు వాళ్ళది. స్నానాలగదిలో కాలు జారి ఆవిడకి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. 'రోజూ కాసేపు ఒంటికి ఎండ తగలాలమ్మా' అన్నాడు డాక్టరు. డాబా ఇంట్లోకి ఎండ రాదు. మెట్లు దిగి వాకిట్లోకి వెళ్ళడం ఆవిడ వల్ల కాదు. అందుకే తూర్పువైపు, ఇంటి నేలతో సమానంగా, ఎనిమిదడుగుల వెడల్పున పంచలాంటి గది ఒకటి దించాలనుకున్నారు. గోడల దగ్గర పేచీ రాలేదు. వచ్చిందల్లా కప్పు దగ్గరే.

అబ్బాయిది అద్దం మాట. అద్దం బరువనుకుంటే పాలికార్బొనేట్ షీటు వేయిద్దామన్నాడు. కాకినాడ అల్లుడుగారు 'శ్లాబే పొయ్యండి మావయ్యగారూ, మళ్ళీ చూసుకోనక్కర్లేదు' అన్నారు. పక్కింటాయన తన పశువుల పాక చూపించి సిమెంటు రేకులు చాలన్నాడు. తాపీమేస్త్రీ అందరి మాటా విని, తల పైకెత్తి కొబ్బరిచెట్లకేసి చూశాడు.

'ఆయ్... అద్దవైతే బానే ఉంటాదండి. మరి కాయ రాలితేనో?' అన్నాడు.

నిజమే. కోనసీమలో ఇంటి మీద కొబ్బరిచెట్టు వాలని పెరడు ఎక్కడుంది? కాయ రాలుతుంది, ఎండుమట్ట రాలుతుంది. ఒక్కోసారి కోతి కూడా దూకుతుంది.

కాయ సంగతి అలా ఉంచినా ఎండ సంగతి ఒకటుంది. మంచు కురిసే దేశాల్లో సూర్యుడు చలికాలమంతా కిందుగానే తిరుగుతాడు. దొరికిన కాస్త వెచ్చదనాన్ని ఒడిసిపట్టుకోవడానికి అక్కడ అద్దం కప్పు. మన దగ్గర అలా కాదు. మే మొదటివారంలో, మళ్ళీ ఆగస్టు మొదటివారంలో మధ్యాహ్నం సూర్యుడు కోనసీమకి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. రోహిణీకార్తెలో అద్దం కప్పు కింద కూర్చోవడమంటే మూతపెట్టిన గిన్నెలో కూర్చోవడమే. అదే డిసెంబరు చివర్లో మధ్యాహ్నం పన్నెండింటికి సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే మనకి కావలసిన చలికాలపు ఎండ పక్కనుంచి వస్తుంది, అక్కర్లేని వేసవి ఎండ పైనుంచి దిగుతుంది. కాబట్టి తెరవాల్సింది తూర్పు, దక్షిణం గోడల్ని. కప్పుని కాదు.

ఇంకో విషయం డాక్టరే చెప్పాడు. విటమిన్ డి తయారు కావడానికి చర్మానికి కావలసిన అతినీలలోహిత కిరణాల్ని అద్దం దాదాపుగా ఆపేస్తుంది. పాలికార్బొనేటూ అంతే. అద్దం వెనక ఎంతసేపు కూర్చున్నా వెచ్చగా ఉంటుందేగానీ ఆ లాభం రాదు. ఈ మాటతో అబ్బాయి ఫొటో పక్కకెళ్ళింది.

సిమెంటు రేకుల మాటా ఎక్కువసేపు నిలవలేదు. పాత రేకుల్లో ఉండేది ఆస్బెస్టాస్. అది ఏ రకమైనా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో తేల్చింది. రేకుని కోసినా, అది పగిలినా ఆ పీచు గాల్లో కలుస్తుంది. ఇనప రేకు వేద్దామంటే వాన పడితే మాట వినపడదు, ఎండకాస్తే పెనమే. శ్లాబు గట్టిదే. కానీ పగలంతా తాగిన వేడిని రాత్రి మెల్లగా కిందికి వదుల్తుంది. డాబా ఇళ్ళలో వేసవి రాత్రులు గడిపినవాళ్ళకి ఆ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు.

మిగిలింది పెంకు. మంగుళూరులో 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మొదలుపెట్టిన ఫ్యాక్టరీ నుంచి దేశమంతా పాకిన పెంకు అది. మనవాళ్ళు చాలామంది బెంగుళూరు పెంకనే అంటారు. పెంకుల సందుల్లోంచి వేడిగాలి బయటికి పోతుంది. అడుక్కి ఆరంగుళాల వాలు ఉంటే ఎంత వానైనా జారిపోతుంది. మేస్త్రీ వేళ్ళ మీద లెక్క కట్టాడు. డాబా దగ్గర పదకొండు అడుగుల ఎత్తున మొదలుపెడితే ఎనిమిదడుగులకి నాలుగడుగులు దిగుతుంది. చివర ఏడడుగులు మిగుల్తుంది. తల తగలదు.

అందరూ సరేనన్నారు. అప్పుడు గుర్తొచ్చింది మాస్టారికి, అసలు మనిషిని ఎవరూ అడగలేదని.

ఆవిడ మంచం మీదనుంచే అంతా వింటోంది. 'ఏమండీ, ఆ రాత్రి మర్చిపోయారా?' అంది.

1996 నవంబరు 6 రాత్రి. కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన ఆ తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగాయి. అప్పుడు వాళ్ళది పెంకుటిల్లు. ఒక్కో పెంకూ లేచిపోతుంటే పిల్లలిద్దర్నీ చెరో చంకన వేసుకుని చీకట్లో, వానలో బడి బిల్డింగు దాకా పరిగెత్తారు. తెల్లారి వచ్చి చూస్తే వాసాలు మిగిలాయి, వాటి మీద ఆకాశం ఉంది. డాబా కట్టుకున్నది ఆ తర్వాతే.

'అప్పుడంటే పరిగెత్తాను. ఇప్పుడు కప్పు లేచిపోతే నేనెక్కడికి పోను?'

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి మేస్త్రీయే నోరు విప్పాడు. పంచ ముందు తెరిచి ఉంటే గాలి లోపలికి దూరి కప్పుని కిందనుంచి నెడుతుంది. పైనుంచి పోయే గాలి లాగుతుంది. అందుకే ఒకే వాలు కాకుండా మూడువైపులా వాలు పెడతానన్నాడు. చూరు బాగా ముందుకి రానివ్వననీ, అంచు పెంకుల్ని తీగతో రీపర్లకి కట్టేస్తాననీ, దూలాల్ని స్తంభాల్లోని ఇనుముకి బోల్టులతో బిగిస్తాననీ చెప్పాడు.

'అయినా తుపానంటే తుపానేనండి. నేను మాటివ్వలేను' అన్నాడు చివరికి.

ఆ నిజాయితీ ఆవిడకి నచ్చింది. అప్పుడు అసలు మార్పు ఒకటి చెప్పింది. పంచలోంచి డాబా గదిలోకి గుమ్మం వెడల్పుగా ఉండాలి. వాకరూ, అవసరమైతే చక్రాల కుర్చీ తట్టుకోకుండా పోవాలి. గడప లేకుండా ఎలా అని మాస్టారు నసిగితే, గడపని నేలలోకి దించి సమానంగా పెట్టించారు. పసుపు రాసుకోవడానికి గడప ఉంది, కాలికి అడ్డం లేదు. పెంకు కింద పగలు, శ్లాబు కింద తుపాను... రెండింటికీ మధ్య పది అడుగుల దూరం.

సంక్రాంతికి ముందే పని పూర్తయింది. పొద్దున్న పది దాటాక ఆవిడ కుర్చీ ఆగ్నేయం మూలకి జరుగుతుంది. ఎండ మోకాళ్ళ దాకా వస్తుంది. వీధిలో పోయేవాళ్ళు 'ఏం పిన్నిగారూ, ఎలా ఉంది?' అని పలకరిస్తారు. డాక్టరు చీటీలో రాయని మందు అది.

మొన్న ఓ కాయ రాలి రెండు పెంకులు పగిలాయి. పెరట్లో దాచిన దొంతరలోంచి రెండు తీసి మేస్త్రీ పావుగంటలో మార్చేసి వెళ్ళాడు. అదే సమయానికి అబ్బాయి ఫోన్ చేశాడు.

'సన్‌రూమ్ ఎలా ఉందమ్మా?'

'పంచలో కూర్చున్నాన్రా' అంది ఆవిడ.