ఐదున్నర నుంచి ఐదుకి

అటక మీది సామాను దింపడమంటే మన ఆడవాళ్ళకి పండగా, దండగా రెండూనూ. ఇత్తడి గుండిగ దొరికితే పండగ. ఏం చేసుకోవాలో తెలియని వస్తువు దొరికితే దండగ. బోయినపల్లిలో (సికింద్రాబాద్ బోయినపల్లి కాదండోయ్, వేములవాడ దగ్గరి బోయినపల్లి) మా అత్తవారింటి అటక మీంచి దిగింది రెండో రకం. మామయ్యగారి హార్మోనియం.

ఇది మన వాద్యం కాదంటే నమ్మబుద్ధి కాదుగానీ, నిజమే. 1840ల్లో పారిస్‌లో డెబేన్ అనే ఆయన చేసినది కాళ్ళతో తొక్కి వాయించే పెద్ద సరంజామా. ఆ శతాబ్దం చివర్లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని కింద కూర్చుని, ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ వాయించేలా మార్చాడు. గమకం పలకదని ఆలిండియా రేడియో 1940లో వెలేసి, 1971 దాకా గడప తొక్కనివ్వలేదు. రేడియో వద్దన్నా నాటకాలవాళ్ళూ, భజనలవాళ్ళూ వదల్లేదు.

మా పెట్టెకి తిత్తి గుడ్డ ఎలుకలు కొట్టేశాయి. ఒక మెట్టు స్ప్రింగు సడలి, నొక్కకుండానే కూస్తోంది. ఇంకొకటి నొక్కినా పలకదు. సెలవులకొచ్చిన మా ఇంజనీరింగ్ అబ్బాయి పాత చీర పరిచి అంతా విప్పాడు. పలకని రీడులో, ఇత్తడి నాలుకకీ చట్రానికీ మధ్య ధూళి ఇరుక్కుంది. పల్చటి కాగితం జొనిపి లాగితే వచ్చేసింది. తిత్తికి కొత్త గుడ్డ అంటించాం, స్ప్రింగు మార్చాం. మూడోనాటికి పెట్టె పలికింది.

అత్తమ్మ మాత్రం పాడలేదు. "మీ మామ ఉన్నప్పుడు పాడిన. ఇప్పుడెందుకు బిడ్డా" అంది. సోమవారం భజనలో ఆవిడ వెనకాల కూర్చుని ఉత్త చప్పట్లు కొట్టి రావడం దుఃఖం వల్లేనని ఊరంతా అనుకునేది. ఓ మధ్యాహ్నం ఎవరూ లేరనుకుని కూనిరాగం తీసింది. మనవడు ఫోనులో శ్రుతి చూశాడు.

"అమ్మా, నాయనమ్మ ఐదు శ్రుతిలో పాడుతోంది. తాత పెట్టెలో ఉన్నది ఐదున్నర!"

హార్మోనియం ముందు లాగే గుబ్బలుంటాయి చూడండి, వాటికి వేరే రీడ్లు. లాగితే ఆధారశ్రుతి దానంతటదే మోగుతుంది. అవి మామూలుగా నల్లమెట్ల స్వరాలకే అమరుస్తారు. ఐదున్నర నల్లమెట్టు, ఐదు తెల్లమెట్టు. వయసుతో గొంతు అరమెట్టు దిగేసరికి ఆవిడకి వెనక నిలబడే శ్రుతే లేకుండా పోయింది.

మారుద్దామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "గీకినంక మళ్ళ వస్తదా? అది మీ తాత పెట్టుకున్న శ్రుతి" అంది.

ఆ మాటలో న్యాయముంది. నాలుక కొన గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు గీకితే తగ్గుతుంది. కానీ గీకిన ఇత్తడి తిరిగి రాదు. మావాడు ఇంకో దారి చెప్పాడు. కొన మీద కాస్త బరువు పెడితే నాలుక నెమ్మదిగా ఊగి శ్రుతి దిగుతుందట. షడ్జం రీడు మీద ఆవగింజంత సోల్డరింగ్ సీసం, పంచమం మీద ఇంకో ఆవగింజ. వద్దనుకున్ననాడు వేడిచేసి తీసెయ్యొచ్చు.

"తీసెయ్యొస్తది గద?" అని రెండుసార్లు అడిగి, "అయితే పెట్టు" అంది అత్తమ్మ.

పోయినవాళ్ళ వస్తువు ఉన్నదున్నట్టు దాచాలా, ఉన్నవాళ్ళకి పనికొచ్చేలా మార్చాలా అని ఎన్ని ఇళ్ళలో తగువులు! మా ఇంట్లో ఆ తగువు రెండు ఆవగింజలతో తీరింది. మామయ్యగారి ఐదున్నర ఎక్కడికీ పోలేదు, సీసం కింద భద్రంగానే ఉంది. అత్తమ్మ సోమవారాలు ముందు వరుసలో కూర్చుంటోంది.

మీ ఇంట్లోనూ పాట మానేసిన పెద్దవాళ్ళుంటే, వాళ్ళ మనసు సంగతి తర్వాత, ముందు శ్రుతి సంగతి కనుక్కోండి.