తరువాత ఏ పుస్తకము?

నేలపట్టు చెరువునకు గూడబాతులు వచ్చు దినములలో, దొరవారిసత్రమున ఒక విద్యార్థి నా యింటికి వచ్చెను. అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’ని ఆ రాత్రియే ముగించెనట. లోకము గజదొంగయన్న వీరుడు రుద్రమదేవికి అండయగుట వానిని నిద్రపోనీయలేదు.

“అయ్యవారూ, ఇట్టిది మరియొకటి కలదా?”

నోరి నరసింహశాస్త్రిగారి ‘రుద్రమదేవి’ నిచ్చితిని. మన నెల్లూరి తిక్కన కాలపు కథ యని నాకు మక్కువ. నాలుగు నాళ్లకే వాడు దానిని సగములో తిరిగి తెచ్చెను. కోరినది గుఱ్ఱపు పరుగు. నేనిచ్చినది పండితుని యిష్టము. పొరపాటు నాదే. ఇంకొకమారు తప్పినచో వాడు చదువుటయే మానునేమో యని భయపడితిని.

తండ్రి చనిపోగా తెగవారు విడిచిపోయిన తెమూజిన్ అను బాలుడే 1206లో చెంఘిజ్ ఖాన్ అయ్యెనని మాత్రము చెప్పి, తెన్నేటి సూరిగారి ‘చెంఘిజ్ ఖాన్’ చేతికిచ్చితిని. ఆ పుస్తకము మరల నా బీరువాకు రాలేదు. చేతులు మారుచు సూళ్లూరుపేట చేరినదని వింటిని.